మా ఏండ్లు పట్టని డబ్బా

మా వాడలో పుట్టినరోజు ఎవరికీ లేదు. పుట్టలేదని కాదు, రాసే చెయ్యి మాది కాదు. మా అవ్వను నీ వయసెంతనే అని అడిగితే "రజాకార్లు పోయినంక నాలుగేండ్లకు, దొర పెద్దకొడుకు పెండ్లినాడు పుట్టిన్నట" అంటది. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరులో అయ్యింది కాబట్టి 1952 అనుకోవాలె. మా అవ్వ పుట్టుకకు గుర్తు దొర ఇంట్ల పెండ్లి. నన్ను బడిలో వేసిననాడు సారు మా నాయినను ఏమీ అడగలేదు. నా ఎత్తు చూసి 1-7-1976 అని రాసిండు. ఆ ఏడు మా వాడ నుంచి బడిలో చేరిన పిల్లలందరం జులై ఒకటినాడే పుట్టినం. బాపనోళ్ళ పిల్లలకు ఘడియ, నక్షత్రం, లగ్నంతో జాతకాలుండె. మాకు సారు పెన్ను ఎక్కడ ఆగితే అదే జాతకం.

ఇసొంటి దాన్ని నేను ఇప్పుడు చేసే పని ఏందో చెప్తే మీకు నవ్వొస్తది. యంత్రాలు తారీఖులు తప్పకుండా చూసుడే నా పని. హనుమకొండలో ఒక చిన్న కంపెనీల ఇరవై ఏండ్ల సంది ఇదే చేస్తున్న. ఈ పని గురించి మనోళ్ళకు చెప్పాలని చాన్నాళ్ళ నుంచి ఉన్నది. ఎందుకంటే భూమి లెక్క, కూలి లెక్క ఎవరి చేతుల ఉన్నదో మనం అడిగినం. కాలం లెక్క ఎవరి చేతుల ఉన్నదో ఇంకా అడగలేదు.

కంప్యూటర్‌లో అన్ని ప్రోగ్రాముల అడుగున ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటది. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటరు. టైమెంత అని ఏ ప్రోగ్రాం అడిగినా జవాబు చెప్పేది అదే. యునిక్స్ అనే సిస్టమ్, దాని తోవలో వచ్చిన లినక్స్, ఇవి టైమును నెల, తేదీ అని దాచుకోవు. 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీన్‌విచ్ టైము నుంచి ఎన్ని సెకండ్లు గడిచినయో ఒక్క సంఖ్యగా దాచుకుంటయి. మీ జేబులున్న ఆండ్రాయిడ్ ఫోను అడుగున కూడా లినక్సే ఉన్నది. 1970కి ఏ మహత్తూ లేదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు యునిక్స్ రాసుకునేటప్పుడు వాళ్ళకు దగ్గరల ఉన్న ఏడది. 1971 నాటి మొదటి యునిక్స్‌లోనైతే 1971 జనవరి 1 నుంచి, సెకండును అరవై భాగాలు చేసి లెక్కపెట్టేటోళ్ళు. ఆ లెక్కకు డబ్బా రెండేండ్ల మూడు నెలలకే నిండుతది. అందుకని సెకండ్లకు మారిన్రు. అంటే కాలానికి మొదలు పెట్టింది మనుషులే, డబ్బా సైజు పెట్టింది మనుషులే. మా అవ్వకు దొర పెండ్లి ఎట్లనో యంత్రానికి 1970 అట్ల.

ఆ డబ్బా సైజు 32 బిట్లు. బిట్ అంటే ఒకటో సున్నానో పట్టే చోటు. 32ల ఒకటి గుర్తుకు పోతది, ప్లస్సా మైనస్సా అని. మిగిలిన 31 బిట్లల్ల పట్టే అన్నిటికన్న పెద్ద సంఖ్య 2,14,74,83,647. అన్ని సెకండ్లు నిండేది 2038 జనవరి 19, మంగళవారం, మన టైము పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు. ఆ తర్వాతి సెకండుకు ప్లస్ పోయి మైనస్ అయితది. యంత్రం ఒక్క దెబ్బకు 1901 డిసెంబరుకు పడుతది.

1901 అంటే ఏందో ఆ ఇంజనీర్లకు ఎరుక లేకపోవచ్చు. మనకు ఎరుకే. మహబూబ్ అలీ ఖాన్ నిజాంగా ఉన్న కాలం, ఊరూర వెట్టి నడుస్తున్న కాలం. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో జగన్‌మిత్ర మండలి పెట్టింది 1906ల, ఇంకా ఐదేండ్లకు. పదేండ్ల అంబేద్కర్ అన్నతోని కలిసి సతారా నుంచి తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్‌లో దిగింది కూడా 1901లనే. మహార్లమని చెప్పంగనే స్టేషన్ మాస్టరు మొఖం మారింది. బండి తోలేటోడు రానన్నడు. రాత్రంతా ఆ పిల్లలకు నీళ్ళు పుట్టలేదు. ఇది ఆయనే రాసుకున్నడు. యంత్రానికి డబ్బా చాలకపోతే అది పోయి పడే చోటు ఆ ఏడే. ఇది యాదృచ్ఛికమే. కాని ఆ సంఖ్య చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లగాండ్లు యాదికొస్తరు.

నేను ఈ పనిలకు ఎట్ల వచ్చిన్నో చెప్పాలె. మా అవ్వ వరంగల్లు సడకులు ఊడ్చింది. కాంట్రాక్టు పని. నాయిన హమాలీ. ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ దాకా వచ్చిన. డిగ్రీ అయిపోయే కాలానికి ఎక్కడ చూసినా వైటూకే అన్న మాటే. పాత కంప్యూటర్లల్ల మెమరీ పిరం కాబట్టి సంవత్సరానికి రెండంకెలే రాసేటోళ్ళు, 1998ని 98 అని. 2000 వస్తే 00 అయితది, యంత్రం 1900 అనుకుంటది. అది సరిచేసే పని దుకాణం తెరిచింది. అమీర్‌పేటల కోబాల్ నేర్పే బోర్డులు లేచినయి. 1998 నవంబరుల సైబర్ టవర్స్ తెరిచిన్రు. అదే ఏడు అమెరికా హెచ్-1బి వీసాలను ఏడాదికి 65,000 నుంచి 1,15,000 చేసింది. ఆంధ్ర ప్రాంతం నుంచి, తెలంగాణ నుంచి పోరగాండ్లు విమానాలెక్కిన్రు.

ఎవరెక్కిన్రు? భూమి అమ్ముకునేటందుకు భూమి ఉన్నోళ్ళు ఎక్కిన్రు. కట్నం ముందుగాల వచ్చేటోళ్ళు ఎక్కిన్రు. అక్కడ దిగినంక పండుకునేటందుకు మేనమామ ఇల్లు ఉన్నోళ్ళు ఎక్కిన్రు. భూమి, కులం, కట్నం కలిసి సాఫ్ట్‌వేర్ కూలీలను ఎట్ల తయారు చేసినయో శియాంగ్ బియావ్ అనే పరిశోధకుడు ఆంధ్ర ఊర్లు తిరిగి రాసిన పుస్తకం 2007ల వచ్చింది. మా వాడకు ఆ పుస్తకం అక్కర లేదు. మా వాడ నుంచి ఒక్కరూ పోలేదు. కోబాల్ ఫీజు మా అవ్వ ఏడాది జీతం. నేను సి భాష నేర్చుకున్నది హాస్టల్ల సీనియర్ అక్క విడిచిపోయిన అట్ట చినిగిన పుస్తకంల.

వైటూకేను ఎట్ల మాన్పిన్రో కూడా వినాలె. కొందరు రెండంకెలను నాలుగంకెలు చేసిన్రు. అది పద్ధతి. ఇంకొందరు రెండంకెలు అట్లనే ఉంచి ఒక గీత గీసిన్రు. గీతకు ఇవతల ఉంటే 1900లు, అవతల ఉంటే 2000లు. యునిక్స్ ప్రమాణంల ఆ గీత ఇట్లున్నది. 69 నుంచి 99 దాకా 1969 నుంచి 1999. 00 నుంచి 68 దాకా 2000 నుంచి 2068. గీత గీసినోళ్ళకు ఏమనిపించింది? 1969 కన్న ముందటి తారీఖు ఎవరికి కావాలె అనిపించింది.

మా అవ్వకు కావాలె. నాయిన పోయినంక ఆమె ఫించనుకు కాయితం పెట్టింది. ఒక ఆఫీసుల జాబితాను పాత ఫైలు నుంచి కొత్త ప్రోగ్రాంల పోసిన్రు. ఫైలుల పుట్టిన సంవత్సరం 52 అని ఉన్నది. ప్రోగ్రాం 2052 అని చదివింది. "కంప్యూటర్ తీసుకుంటలేదమ్మా" అన్నడు గుమాస్తా. అవ్వ ఇంటికొచ్చి కూసుండి నవ్వింది. "నేను ఇంక పుట్టనే లేదటనే బిడ్డా. పుట్టకముందే నడుము ఇట్ల వంగిందా?" నేను రెండు పేజీల కాయితం రాసి, గీత ఎక్కడున్నదో చూపెట్టి, మూడుసార్లు తిరిగితే సరిచేసిన్రు. నాకు చదువొచ్చు కాబట్టి తిరిగిన. ఆ జాబితాల 68 కన్న ముందు పుట్టినోళ్ళు ఇంకెందరో ఉన్నరు. ఫించను అడిగేది వాళ్ళే కద.

ఇగ అసలు ముచ్చట. 2019ల మా కంపెనీ చేసిన హాజరు డబ్బాలు ఒక మున్సిపాలిటీల ఉండె. సఫాయి కార్మికులు పొద్దుగాల నాలుగున్నరకు వచ్చి వేలు పెడితే హాజరు పడుతది. లోపల 32 బిట్ల చిన్న చిప్పు, దాని మీద లినక్స్. ఆ ఏడు కొత్త వెర్షన్‌ల ఒక నియమం కలిపిన్రు. పుట్టిన తారీఖుకు అరవై ఏండ్లు కలిపి, ఆ రోజు దాటిపోతే వేలు తీసుకోవద్దు. వారం తిరగకముందే ఫిర్యాదు వచ్చింది. పడుసోళ్ళ వేళ్ళు పడుతలేవు, ముసలోళ్ళయి పడుతున్నయి. సూపర్‌వైజరు పడుసోళ్ళకు గైర్‌హాజర్ రాసిండు. "వేలుకు మట్టి ఉంటది, కడుక్కొని రాన్రి" అన్నడు. ఒక తమ్ముడు సబ్బు పెట్టి రాయి మీద రాకి రాకి వేలు తోలు లేపుకున్నడు.

నన్ను చూడమన్నరు. జాబితా ముందేసుకున్న. ఆగినోళ్ళంతా 1978 జనవరి 19 తర్వాత పుట్టినోళ్ళు. అరవై కలిపితే 2038 జనవరి 19 దాటుతది. సెకండ్లు డబ్బాల పట్టలేదు. ఆ తమ్ముని పుట్టినరోజు మా వాడ పద్ధతిలనే 1-7-1978. పదవీ విరమణ 2038 జులై 1 రావాలె. యంత్రం లెక్కల 1902 మే 25 వచ్చింది. నూరేండ్ల కన్న ముందే వాని నౌకరి అయిపోయింది. ఇంక వేలెందుకు తీసుకుంటది?

2038 అంటే ఇంకా శానా ఏండ్లున్నదని అందరు అంటరు. లేదు. ముందుకు లెక్కపెట్టే ప్రతి ప్రోగ్రాంకు 2038 ఇయ్యాల్నే వస్తది. 2006 మే నెలల ఏఓఎల్‌సర్వర్ అనే ప్రోగ్రాం ఇట్లనే పడ్డది. ఎప్పటికీ ఆగొద్దు అనేటందుకు గడువు నూరు కోట్ల సెకండ్లు అని పెట్టిన్రు. అప్పటి టైముకు నూరు కోట్లు కలిపితే 2038 దాటింది. ఇరవై ముప్పై ఏండ్ల ఇంటి అప్పు, బీమా పాలసీ, ఫించను, ఇవన్నీ ముందుకు లెక్కపెట్టేటియే. పడుసోని పదవీ విరమణ కూడా.

మా కంపెనీల మీటింగు పెట్టిన్రు. మేనేజరు సారు ఒక ఉపాయం చెప్పిండు. "గుర్తు బిట్ తీసేద్దాం. మైనస్ ఉండదు. 32 బిట్లూ ప్లస్సుకే వాడుకుంటే 2106 దాకా నడుస్తది. ఒక్క మాట మారిస్తే పని అయిపోతది. అప్పటికి ఈ డబ్బాలుంటయా? మనముంటమా?"

లెక్క ప్రకారం సారు చెప్పింది నిజమే. 2106 దాకా నడుస్తది. కాని మైనస్ ఎందుకున్నదో ఎవరూ అడగలేదు. మైనస్ ఉన్నది 1970 కన్న ముందటి కాలానికి. మా అవ్వ పుట్టుక యంత్రంల మైనస్ 55 కోట్ల చిల్లర. మైనస్ తీసేస్తే 1970 ముందు పుట్టినోళ్ళంతా పోతరు. నేను బోర్డు మీద లెక్క వేసి చూపెట్టిన. జాబితాల 1-7-1962 అని ఉన్న ఒక పెద్దమ్మ ఉన్నది. ఇంక మూడేండ్ల నౌకరి ఉన్నది. గుర్తు బిట్ తీసేస్తే ఆమె పుట్టినరోజు 2098 ఆగస్టు 6 అయితది. "సార్, ఇప్పుడు పడుసోళ్ళు ఆగిన్రు. ఈ ఉపాయం చేస్తే పడుసోళ్ళు పోతరు, ముసలోళ్ళు ఆగుతరు. డబ్బా అంతే ఉన్నది. ఎవరిని బయట పెట్టాలె అన్నదే మారింది" అన్న.

ఈ మాట నేను కంప్యూటర్ పుస్తకంల నేర్చుకోలేదు. ఇంత బువ్వ గిన్నె మధ్యల పెట్టి, మీరు మీరు పంచుకోన్రి అని పక్కకు జరిగేటోళ్ళను చిన్ననాటి నుంచి చూసిన. గిన్నె ఎందుకు చిన్నగున్నదని అడిగితే కొట్లాటకోరు అంటరు. అడగకపోతే మనల మనం కొట్టుకుంటం. కోడ్‌ల కూడా అదే కథ. డబ్బా పెద్దది చెయ్యాలె. మనుషులను తగ్గించొద్దు.

డబ్బా పెద్దది చేయొచ్చని లోకంల కొందరు అప్పటికే చూపెట్టిన్రు. ఓపెన్‌బిఎస్‌డి అనే సిస్టమ్ 2014 మేల వచ్చిన 5.5 వెర్షన్‌ల చిన్న యంత్రాలు, పెద్ద యంత్రాలు అని లేకుండా అన్నిట్ల టైమును 64 బిట్లకు మార్చింది. పాత ప్రోగ్రాములు ఆగిపోతయని తెలిసి కూడా మార్చింది. లినక్స్‌కు అది అలవి కాలేదు. పాత ప్రోగ్రాములు నడవాలె అన్నది దాని నియమం. అందుకని పాత దారులు మూయకుండా పక్కపొంటి కొత్త దారులు వేసిన్రు. ఆర్న్డ్ బెర్గ్‌మన్ అనే ఇంజనీరు, ఆయనతోని ఇంకా శానామంది, ఏండ్ల తరబడి చేసిన్రు. 2019ల వచ్చిన 5.1 వెర్షన్‌ల కొత్త 64 బిట్ల పిలుపులు చేరినయి. 2020 మార్చిల 5.6 వచ్చేసరికి 32 బిట్ల యంత్రం కూడా 2038 దాటి నడిచేటట్టు అయింది. దాని మీద ఉండే సి లైబ్రరీలు మారాలె. మజిల్ 2020ల మారింది. గ్లిబ్‌సి 2021 ఆగస్టుల 2.34 వెర్షన్‌ల, కావాలంటే వాడుకోన్రి అని ఇచ్చింది. 64 బిట్లల్ల సెకండ్లు 29,200 కోట్ల ఏండ్లకు సరిపోతయి. మైనస్ తీసే అవసరమే లేదు. మా అవ్వా ఉంటది, ఆ తమ్ముడూ ఉంటడు.

మేం రెండు విడతలుగా చేసినం. మొదటి విడత 2019లనే, కొత్త లైబ్రరీలు రాకముందే. పుట్టినరోజు అంటే ఒక సెకండు కాదు, క్యాలెండరు మీద ఒక రోజు. దాన్ని సెకండ్లల్ల దాచుడే తప్పు. ఏడు, నెల, తేదీ మూడు సంఖ్యలుగా విడదీసి పెట్టినం. అరవై కలిపేది ఏడుకే. అంతే, పడుసోళ్ళ వేళ్ళు పడ్డయి. గైర్‌హాజర్ రాసిన రోజుల కూలి కోసం తప్పు యంత్రందని మేం కాయితం రాసి ఇచ్చినం. సంఘపోళ్ళు ఆ కాయితం పట్టుకొని ఆఫీసు ముందు కూసున్నరు. కూలి వచ్చింది.

రెండో విడతకు 2022 దాకా పట్టింది. సిస్టమ్ ఒక్కటి మార్చితే అయిపోదు. టైము కోడ్‌ల ఎక్కడెక్కడ దాగి ఉంటదో వెతకాలె. ఒకడు టైమును మామూలు పూర్ణాంకంల పోస్తడు, అక్కడ సగం కోసుకుపోతది. ఒకడు రోజులను 86,400తో గుణించేటప్పుడు నడుమల చిన్న డబ్బా వాడుతడు, జవాబు పెద్ద డబ్బాల పోసినా ముందే పొంగిపోయి ఉంటది. ఫైలుల నాలుగు బైట్లుగా రాసిన పాత హాజర్లు ఉంటయి, వాటిని ఎనిమిది బైట్లకు మార్చి, ఇది కొత్త పద్ధతి అని ఒక గుర్తు పెట్టాలె. సర్వరుకు పోయే కబురు కూడా అంతే. లైబ్రరీలల్ల ఒకటి టైము నాలుగు బైట్లు అనుకొని, ఇంకొకటి ఎనిమిది అనుకుంటే, ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటయి. అన్నీ ఒక్కసారి మారాలె. ఇంకో ఇకమతు ఉన్నది. టైము అడిగితే తెలువకపోతే మైనస్ ఒకటి చెప్పుమని పాత అలవాటు. కాని మైనస్ ఒకటి అంటే 1970కి ఒక్క సెకండు ముందు, నిజమైన టైమే. 1970 ముందటి కాలాన్ని పొరపాటు కింద జమకట్టిన అలవాటది. కోడ్‌ల అది కనిపించిన ప్రతి చోట తీసేసినం.

పరీక్ష చేసుడు ఎట్ల? డబ్బా గడియారాన్ని 2038 జనవరి 19 పొద్దున 8 గంటల 43కు తిప్పి కూసోవాలె. వేళ్ళు పెట్టుకుంటా ఉండాలె. 44 నిమిషాల 8వ సెకండు దాటినంక హాజరు సరిగ్గా పడుతుందా చూడాలె. లినక్స్ రాసినోళ్ళ దగ్గర నాకు నచ్చిన ఒక పద్ధతి ఇక్కడ చెప్పాలె. యంత్రం మొదలైనప్పటి నుంచి నడిచే ఒక చిన్న లెక్క ఉంటది. 32 బిట్ల యంత్రంల అది నిండి మొదటికి వచ్చేటందుకు వారాలు, నెలలు పడుతది. అందుకని వాళ్ళు దాన్ని సున్నా నుంచి మొదలుపెట్టరు. యంత్రం లేచిన ఐదు నిమిషాలకే నిండేటట్టు పెడుతరు. తప్పు ఉంటే మన కండ్ల ముందే బయటపడాలె, ఎవరూ లేని రాత్రి కాదు అని. ఉద్యమాలల్ల పనిచేసేటోళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు చదువుకునే పిల్లలకు రెండు మాటలు చెప్పాలె. లోకంల పెద్ద కంప్యూటర్లు ఎప్పుడో 64 బిట్లయినయి. బ్యాంకులకు, పెద్ద కంపెనీలకు భయం తక్కువ. 2025ల వచ్చిన డెబియన్ 13, మిగిలిన 32 బిట్ల యంత్రాలను కొత్త టైముకు మార్చింది, పాత ఇంటెల్ రకాన్ని మాత్రం పాత ప్రోగ్రాముల కోసం పాతగనే విడిచిపెట్టింది. అసొంటి పాతయి ఎక్కడికి చేరుతయి? సర్కారు బడికి, చిన్న ఊరి దవాఖానకు, హాజరు డబ్బాకు, నీళ్ళ మోటరుకు. మన దగ్గరికే. ఒకసారి గోడకు బిగించిన్రంటే ఇరవై ఏండ్లు ఎవరూ ముట్టరు. అందుకని మీ ఊర్ల ఉన్న యంత్రం లోపల డబ్బా ఎంతున్నదో అడుగున్రి. అడిగేటంత చదువు చదువున్రి. కోడ్ రాసే కాడ కూసోన్రి. గీత ఎక్కడ గీయాలె అని మాట్లాడుకునే బల్ల కాడ మా అవ్వ సొంటోళ్ళ బిడ్డ ఒక్కతన్నా ఉంటే, 1969కి ముందు పుట్టినోళ్ళు ఎవరుంటరు అని ఎవరూ అనలేరు.

ఆ మున్సిపాలిటీల తమ్ముని పేరు ఎదురుగ ఇప్పుడు పదవీ విరమణ 2038 జులై 1 అని సక్కగ కనిపిస్తది. నేను సరిచేసిన తారీఖే. కాని వాడు కాంట్రాక్టు కూలి. ఆ రోజు నౌకరి పోతది, ఫించను రాదు. మా అవ్వకూ రాలేదు. ఇరవై ఏండ్లు సడకులు ఊడ్చిన చేతికి ఒక్క కాయితమూ రాలేదు. అరవై ఏండ్లు కలుపుడు యంత్రానికి నేర్పినం. ఆ రోజు చేతిల ఏం పెడుతరు అన్నది కోడ్‌ల లేదు, అది కొట్లాడి రాపియ్యాలె. 2038 జులైకు ఇంకా టైమున్నది.